పదమూడో డబ్బా

సాయంత్రం పన్నెండు వదిలాం.
వేళ్ళు మడిచి నేనే లెక్కపెట్టాను.
ఒలీటా అమ్మమ్మ పడవ ముక్కున కూర్చుని
ఒక్కొక్కటీ నీళ్ళమీద పెడుతూ పోయింది.
విసరదు ఆమె, పెడుతుంది,
నిద్రపోయిన పిల్లని పక్కమీదికి దించినట్టు.

నాలుగు పాల డబ్బాలు, రెండు బ్లీచువి,
మిగతావి చర్చి విందులో ఖాళీ అయిన సోడా సీసాలు.
నారింజ రంగు పూసింది నేను;
గోళ్ళ సందుల్లో ఇంకా ఉంది.
మెడకి పదిహేనడుగుల నైలాను దారం,
కొసన బరువుకి పాత ట్రాక్టరు నట్టు,
దానికి జానెడు పైన గాలం.
గాలానికి ఎర కోడి కార్జం కాదు,
సబ్బు.
బట్టలుతికే తెల్ల సబ్బు, పాచికలంత ముక్కలు.
నవ్వితే నవ్వుకో, అంది.
ఒళ్ళంతా నాలుకే ఆ చేపకి,
దానికి తెలియని రుచి నీకు తెలుసా?

పేరులేని డబ్బా ఈ సరస్సులో తేలకూడదు.
రూలు అది.
అందుకే ప్రతి డబ్బా నడుం మీదా
ఒలీటా టిబ్స్, రూట్ రెండు, పెట్టె నూట పద్దెనిమిది,
చెరగని నల్ల సిరాతో.

రాత్రి ట్రక్కు వెనక పడుకున్నాం.
అవతల డ్యాము దీపాలు.
ఎవరూ లేచి డబ్బాలవైపు చూడకూడదు.
ఇది అమ్మమ్మ రూలు.
నీళ్ళలో చేపకి బేరమాడే రకం కాదు ఆమె.

తెల్లారి పొగమంచులో వెతుక్కుంటూ వెళ్ళాం.
ఒకటి రెల్లులో ఇరుక్కుంది, ఒకటి ఊరికే ఊగుతోంది.
అయిదోది
కదల్లేదు, కదల్లేదు,
పడవ దగ్గరికొచ్చేసరికి
నిటారుగా నిలబడి, తల మునిగి,
పట్టు చూద్దాం అన్నట్టు పరుగెత్తింది.
మోటారు తిప్పి నేను, వల పట్టుకుని ఆమె,
మూడు చుట్లు.
ఎక్కింది చివరికి, నీలి జెల్ల,
తడిసిన గోనెసంచి బరువు,
మీసాలు ఇంకా దేన్నో తడుముతున్నాయి.
పెట్టెలో వేసి మూతేస్తే
లోపల్నుంచి గుర్రుమంది,
ముసలాణ్ణి నిద్రలేపినట్టు.

పన్నెండూ దొరికాయి.
తిరిగొస్తుంటే మునిగిన చెట్ల దగ్గర
ఇంకొకటి.

దానికి రంగు లేదు. ఎండకి పెళుసెక్కి
వెల్లుల్లి పొట్టులా ఉంది.
దారం నిండా నాచు, గాలం తుప్పుపట్టి ఊడిపోయింది,
నట్టు మాత్రం ఉంది.
అమ్మమ్మ బొటనవేలితో నాచు తుడిచింది.
హార్లన్ టిబ్స్.
ఆ టి అక్షరం మీద గీత
ఎప్పుడూ కాస్త పక్కకి జరిగే ఉంటుంది.

తాతయ్య పోయి మూడేళ్ళు.
ఆ ముందు వసంతంలో గాలివానకి
ఒక డబ్బా తప్పిపోయిందని
నెల్లాళ్ళు సణిగాడట.

నీటిమీద రాత నిలవదంటారు.
నేనేమీ అనలేదు. మోటారు ఆపేశాను.

ఒడ్డున వార్డెను ప్రూయిట్ లెక్కపెడుతూ
దాని దగ్గర ఆగాడు.
ఒలీటా, ఇది హార్లన్ పేరు మీద ఉందే.
అవును, అడ్రసు మారింది, అంది అమ్మమ్మ.
కొత్తది నాకింకా చెప్పలేదు.
ప్రూయిట్ తన బూట్లకేసి చూసుకుని
చేప ఎన్ని పౌన్లుంటుందని అడిగాడు.
సమాధానం వినకుండానే రాసుకున్నాడు.

మధ్యాహ్నం చేప చీరి, మొక్కజొన్న పిండి అద్ది,
పెరట్లో మూకుడు పెట్టింది.
మూడో ముక్క తింటూ ఉండగా
నల్ల కలం నా ఒళ్ళో పడింది.
కింద చోటుంది, నీ పేరు రాయి, అంది.
నూనె వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని రాశాను.
డబ్బా గుండ్రం వల్ల
చివరి రెండక్షరాలూ అవతలికి తిరిగిపోయాయి.

లోపల చేరిన గుక్కెడు నీళ్ళు ఒంపేసి
కొత్త గాలం కట్టింది. సబ్బు.

ఆ సాయంత్రం పదమూడు వదిలాం.
రాత్రి ఎవరూ చూడకూడదని రూలు.
చూశాను.
ట్రక్కు అంచున, దుప్పటి కప్పుకుని,
ఆమె నాకంటే ముందే చూస్తోంది.